టాప్ మీద సైకిలు... ట్యాంకుకి చిల్లు!

సైకిల్ రేసులకి వెళ్లేవాళ్లతో ఓ పది నిమిషాలు కూర్చోండి. మాటలన్నీ గాలి చుట్టూనే తిరుగుతాయి. హెల్మెట్ ఏరో, చక్రాలు ఏరో, ఆఖరికి సాక్సులు కూడా ఏరో! కాస్త వదులు జెర్సీ వేసుకొస్తే చాలు, ‘ఏంట్రా, పారాచూట్‌తో దిగావ్’ అని ఆటపట్టిస్తారు. దానికి కారణం ఉంది. చదునైన రోడ్డు మీద గంటకు 40 కి.మీ. వేగంతో తొక్కుతున్నప్పుడు మన శక్తిలో 80 శాతానికి పైగా గాలిని తోసుకుంటూ పోవడానికే ఖర్చవుతుంది. అందుకే నాలుగు వాట్లు మిగులుతాయంటే చక్రాలకి వేలకు వేలు పోసేవాళ్లున్నారు.

మరి అదే మనిషి రేసు జరిగే ఊరికి ఎలా వెళ్తాడు? ఆ సైకిల్‌నే కారు టాప్ మీద నిలబెట్టి, హైవే ఎక్కి, వందకి తగ్గకుండా లాగిస్తాడు. రేసులో వదలని గాలి లెక్క, కారెక్కగానే గాలికి పోతుంది!

నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగ్, చేసేది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారమంతా కోడింగ్, వీకెండ్ సైక్లింగ్. ఏడాదికి మూడు నాలుగుసార్లు మా గ్రూపు బెంగళూరు వైపు రేసులకి వెళ్తుంది. వెళ్లిన ప్రతిసారీ కనిపించేది ఒకటే: ఎంట్రీ ఫీజు కంటే పెట్రోలు ఖర్చే చాలా ఎక్కువ. పర్సు సంగతి అలా ఉంచండి. ఆ ఖర్చు వల్లే రేసులకి రాలేకపోతున్న కుర్రాళ్లు ఉన్నారు. కాలేజీలో నేర్చుకున్న ఫ్లూయిడ్ మెకానిక్స్‌ని బయటికి తీసి లెక్క వేసింది అందుకే.

వేగం పెరిగితే ఏమవుతుంది?

కారుని గాలి వెనక్కి నెట్టే బలం, వేగానికి వర్గంలా పెరుగుతుంది. అంటే 80 నుంచి 100కి వెళ్తే వేగం పెరిగేది 25 శాతమే కానీ, గాలి నిరోధం పెరిగేది 56 శాతం. టైర్లకీ రోడ్డుకీ మధ్య ఉండే నిరోధం మాత్రం వేగంతో పెద్దగా మారదు. కాబట్టి హైవే మీద మన అసలు ప్రత్యర్థి గాలే.

ఇప్పుడు ఒక మామూలు పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ తీసుకుందాం. టాప్ మీద ఏమీ లేకుండా 100లో వెళ్తే కారు ముందుకు సాగడానికి కావాల్సిన బలాన్ని 100 పాయింట్లు అనుకోండి. నేను వేసిన అంచనా ఇలా వచ్చింది:

టాప్ మీద రెండు సైకిళ్లు, వేగం 100: సుమారు 121 పాయింట్లు.

టాప్ ఖాళీ, వేగం 100: 100 పాయింట్లు.

టాప్ మీద రెండు సైకిళ్లు, వేగం 80: సుమారు 88 పాయింట్లు.

సైకిలు కారు లోపల, వేగం 80: సుమారు 75 పాయింట్లు.

మూడో లైన్ ఇంకోసారి చూడండి. టాప్ మీద రెండు సైకిళ్లు మోస్తూ 80లో వెళ్లే కారు, టాప్ ఖాళీగా పెట్టుకుని 100లో వెళ్లే కారు కంటే తక్కువ కష్టపడుతుంది! ర్యాక్ మార్చే స్తోమత లేకపోయినా పర్లేదు, కుడి పాదం కాస్త పైకి లేపినా చాలన్నమాట.

కారుని బట్టి, ర్యాక్‌ని బట్టి ఈ అంకెలు కొంచెం అటూఇటూ అవుతాయి. కానీ అమెరికా ప్రభుత్వం నడిపే ఇంధన పొదుపు వెబ్‌సైట్ చెప్పేదీ ఇదే తీరు. టాప్ మీద పెద్ద లగేజీ పెట్టె పెడితే సిటీలో 2 నుంచి 8 శాతం, గంటకు 105-120 కి.మీ. వేగంతో వెళ్తే 10 నుంచి 25 శాతం మైలేజీ పడిపోతుందట. అదే లగేజీ కారు వెనక పెడితే హైవే మీద కూడా నష్టం 1 నుంచి 5 శాతమే. కారు ముందే చీల్చేసిన గాలి నీడలో సామాను దాక్కుంటుంది కదా, అందుకు. రేసులో మనం ముందువాడి చక్రం వెనక దాక్కోవడం లాంటిదే.

రూపాయల్లో చెప్పాలంటే...

హైదరాబాద్ నుంచి బెంగళూరు సుమారు 570 కి.మీ. రానూపోనూ 1,140. లీటరుకి 18 కి.మీ. ఇచ్చే కారు, లీటరు పెట్రోలు 107 రూపాయలు అనుకుందాం. టాప్ ఖాళీగా 100లో వెళ్లొస్తే దాదాపు 63 లీటర్లు, అంటే సుమారు 6,800 రూపాయలు. రెండు సైకిళ్లు టాప్ మీద పెట్టి అదే వేగంతో వెళ్తే 77 లీటర్లు, 8,200 రూపాయలు. సైకిలు లోపల పెట్టుకుని 80లో వెళ్తే లెక్క ప్రకారం 5,100. కాకపోతే తక్కువ లోడు మీద ఇంజిన్ అంత సమర్థంగా పనిచేయదు కాబట్టి 5,500 అనుకోండి. సైకిళ్లు టాప్ మీద పెట్టి 100లో వెళ్లే పద్ధతికీ చివరి పద్ధతికీ తేడా 2,700 రూపాయలు. ఒక మంచి టైరు వస్తుంది!

‘80లో అయితే ఎప్పటికి చేరతాం బాస్?’ అంటారా. టోల్ గేట్లు, ఊళ్లు, టీ బ్రేకులు తీసేస్తే నిజంగా వేగంగా పోగలిగే దూరం 450 కి.మీ. అనుకున్నా, రెండింటికీ తేడా గంటా పది నిమిషాలు. రేసు ఎలాగూ మర్నాడు తెల్లవారుజామున. గంట ముందు బయల్దేరితే సరిపోయె. ఎడమ లేన్‌లో ప్రశాంతంగా పోతే డ్రైవింగ్ అలసట కూడా తక్కువే. ఆ కాళ్లతోనే కదా పొద్దున్నే తొక్కాలి!

అన్నిటికంటే పెద్ద పొదుపు

ఇంతదాకా చెప్పినవన్నీ కలిపినా, ఖాళీ సీటు నింపడం ముందు దిగదుడుపే. ఇద్దరు రెండు కార్లలో, సైకిళ్లు లోపలే పెట్టుకుని, 100లో వెళ్తే 126 లీటర్లు. ఆ ఇద్దరే ఒకే కారులో, సైకిళ్లు టాప్ మీద పెట్టుకుని అదే వేగంతో వెళ్లినా 77. వేగం 80కి తగ్గిస్తే 56 దగ్గర ఆగుతుంది. అందుకే, ‘టాప్ మీద పెడితే గాలి తగులుతుంది కాబట్టి ఎవరి కారు వాళ్లదే’ అని ఎవరైనా అంటే నమ్మకండి. ముందు సీట్లు, తర్వాత వేగం, ఆ తర్వాతే ర్యాక్.

దీని విలువ నాకు బాగా అర్థమైంది కర్నూలులో. అక్కడ ఇంజినీరింగ్ చదువుతున్న ఓ తమ్ముడు ఉన్నాడు. సెకండ్ హ్యాండ్ రోడ్ బైక్ మీద కొండ ఎక్కుతుంటే మా కార్బన్ సైకిళ్లు వెనకబడిపోతాయి. కానీ రేసుకి రావడమే అతనికి పెద్ద రేసు. బస్సు డిక్కీలో సైకిలు పెట్టనివ్వరు, పెట్టనిచ్చినా టికెట్టుకి దగ్గరగా లగేజీ చార్జీ అడుగుతారు, దిగేటప్పటికి గేర్ హ్యాంగర్ వంగి ఉంటుంది. రెండు రేసులు అలా వదిలేసుకున్నాడు. మేమేమో అదే 44వ నంబర్ హైవే మీద, వెనక సీటు ఖాళీగా, వాళ్ల ఊరి పక్కనుంచే పోతుంటాం!

ఇప్పుడు ముగ్గురం, ఒకే కారు, వెనక తగిలించే ర్యాక్ మీద మూడు సైకిళ్లు. మనుషుల బరువు, ర్యాక్ నష్టం అన్నీ కలుపుకొన్నా పెట్రోలు తలకి దాదాపు రెండు వేలు. టోల్ కూడా మూడు వాటాలే. అతని వాటాలో సగం మేం తీసుకోం. వాళ్లమ్మ కట్టిచ్చే ఉగ్గాని, మిరపకాయ బజ్జీలతో అది చెల్లు. ‘అన్నా, ఈసారి నేను గెలిస్తే మీ వాటా కూడా నేనే కడతా’ అంటుంటాడు. కట్టాల్సి వచ్చేలాగే ఉంది.

సైకిలు ఎక్కడ పెట్టాలి?

ఒక్కరే, లేదా ఇద్దరే వెళ్తుంటే కారు లోపలే బెస్ట్. వెనక సీటు మడిచి, సైకిల్ రెండు చక్రాలూ తీస్తే చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో ఫ్రేమ్ పట్టేస్తుంది. కింద పాత దుప్పటి పరచండి. చైన్ ఉన్న వైపు పైకి ఉండాలి. డిస్క్ బ్రేకులైతే చక్రం తీయగానే ప్యాడ్ల మధ్య స్పేసర్ పెట్టండి. లేకపోతే లివర్ నొక్కుకుపోయి ప్యాడ్లు అతుక్కుంటాయి. అన్నిటికంటే ముఖ్యం, బెల్టులతో గట్టిగా కట్టడం. సడెన్ బ్రేక్ వేస్తే ఎనిమిది కిలోల సైకిలు నేరుగా మన మెడ మీదికే వస్తుంది.

వెనక ర్యాక్ అయితే నంబర్ ప్లేటు, టెయిల్ లైట్లు కనిపించేలా చూసుకోండి. కనిపించకపోతే చలానా ఒక్కటే కాదు, వెనక వచ్చేవాడికి మన బ్రేక్ లైటు తెలియదు. సైలెన్సర్ గొట్టానికి ఎదురుగా టైరుగానీ కార్బన్ రిమ్ముగానీ ఉండకూడదు. వేడికి పాడైపోతాయి. ప్రతి టీ బ్రేక్‌లో బెల్టులు ఒకసారి లాగి చూడటం అలవాటు చేసుకోండి.

టాప్ మీద తప్పదంటే బాటిళ్లు, సీటు బ్యాగులు, రెయిన్ కవర్లు తీసేయండి. కవర్ తొడిగితే సైకిలు కాస్తా తెరచాప అవుతుంది. హోటల్ సెల్లార్ పార్కింగ్‌లోకి దూరే ముందు పైన సైకిలు ఉందని గుర్తుపెట్టుకోండి. ఇంటికి రాగానే ర్యాక్ విప్పేయండి. ఏడాదిలో నాలుగు ట్రిప్పులకి బిగించినదాన్ని రోజూ ఆఫీసుకి మోసుకెళ్లడం ఎందుకు?

గాలి ఎటు వీస్తోంది?

రేసు ముందురోజు వాతావరణ యాప్‌లో గాలి దిశ చూడని సైక్లిస్టు ఉండడు. బయల్దేరేముందు హైవేకి కూడా చూడండి. కారుకి తగిలే గాలి స్పీడోమీటర్ చూసి తగలదు. ఎదురుగాలి 20 ఉంటే, 80లో పోయే కారుకి అది 100లో పోయినట్టే. అనంతపురం వైపు కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. నైరుతి రుతుపవనాల రోజుల్లో బెంగళూరు వైపు వెళ్తుంటే ఆ ప్రాంతంలో గాలి బాగా ఎదురు కొడుతుంది. అక్కడ ఓ పది తగ్గించి, తిరిగి వచ్చేటప్పుడు అదే గాలిని వీపు మీద మోయించుకోండి.

ఒక హెచ్చరిక. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ యూనివర్సిటీకి చెందిన బెర్ట్ బ్లాకెన్ బృందం 2018లో 121 మంది రైడర్ల గుంపు మీద పరిశోధన చేసింది. గుంపు మధ్యలో దాక్కున్న రైడర్‌కి తగిలే గాలి నిరోధం, ఒంటరిగా తొక్కేవాడితో పోలిస్తే 5 నుంచి 10 శాతమేనని తేల్చింది. ఇది తెలిసిన సైక్లిస్టుకి హైవే మీద లారీ వెనకాలే అతుక్కుపోవాలనిపించొచ్చు. వద్దు. లారీవాడు బ్రేక్ వేస్తే మనకి ఆలోచించే టైమ్ కూడా ఉండదు. మిగిలే అర లీటరుకి అది చాలా ఎక్కువ రేటు.

చిన్న చిన్నవే, కానీ...

టైర్లు: సైకిల్ టైర్‌లో రెండు పీఎస్ఐ తగ్గితే నిద్రపట్టని మనం, కారు టైర్లని సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడే చూస్తాం. నాలుగు టైర్లలో సగటున ఒక్కో పీఎస్ఐ తగ్గినప్పుడు మైలేజీ సుమారు 0.2 శాతం తగ్గుతుంది. బయల్దేరే రోజు పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడండి. మన దగ్గరుండే ఫ్లోర్ పంపు కారు వాల్వుకి కూడా పడుతుంది. మూడు పీఎస్ఐ పెంచాలంటే ఇరవై ముప్పై సార్లు కొడితే చాలు. వార్మప్ కూడా అయిపోతుంది.

ఇంజిన్ ఆన్‌లో కునుకు: రేసు దగ్గర ఏసీ వేసుకుని నిద్రపోయే కార్లు వరసగా కనిపిస్తాయి. కదలని కారు ఏసీతో కలిపి గంటకి లీటరు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తాగేస్తుంది. అద్దాలు కొంచెం దించి పడుకోండి.

అసలు కారే వద్దనుకుంటే: దూరపు ఊరికి ఒక్కరే వెళ్లాల్సి వస్తే రైలు ఉంది. స్టేషన్‌లోని పార్శిల్ ఆఫీసులో సైకిల్‌ని లగేజీగా బుక్ చేసి బ్రేక్ వ్యాన్‌లో వేయించొచ్చు. గేర్లు ఉన్న వైపు అట్టలతో బాగా చుట్టండి. ఇక రేసు మీ ఇంటికి ఇరవై కిలోమీటర్ల లోపే ఉంటే, లైట్లు పెట్టుకుని తొక్కుకుంటూ వెళ్లిపోండి. సైకిలు తొక్కడానికి సైకిల్‌ని కారులో మోసుకెళ్లడం తమాషాగా లేదూ?

ఇంకో తమాషా చెప్పనా? కారుని 45-55 మధ్య నడిపితే ఇంధనం బాగా ఆదా అవుతుందని ఏళ్లుగా చెబుతున్న పీసీఆర్ఏ, అంటే కేంద్ర పెట్రోలియం శాఖ కింద పనిచేసే ఇంధన పొదుపు సంస్థ, తన ప్రచారంలో భాగంగా సైకిల్ ర్యాలీలు కూడా పెడుతుంటుంది. పెట్రోలు ఆదా చేయమని చెప్పేవాళ్లు సైకిలెక్కమంటున్నారు. సైకిలెక్కేవాళ్లు మాత్రం పెట్రోలు కాల్చుకుంటూ అక్కడికి పోతున్నారు!

మా గ్రూపులో ఇప్పుడు ఒక పద్ధతి ఉంది. రేసుకి పేరిచ్చిన రోజే ప్రతి ఒక్కరూ నాలుగు ముక్కలు వాట్సాప్‌లో పెడతారు: ఏ ఊరి మీదుగా వెళ్తున్నాం, ఎన్ని గంటలకి, సీట్లు ఎన్ని ఖాళీ, సైకిళ్లకి చోటు ఎంత. రెండు నిమిషాల పని. మీ తర్వాతి రేసుకి మీరూ పెట్టి చూడండి. దారి పొడవునా జడ్చర్లలోనో, డోన్‌లోనో, గుత్తిలోనో మీకంటే వేగంగా తొక్కే ఒకరు లిఫ్ట్ కోసం ఎదురుచూస్తుంటారు. ఎక్కించుకుంటే పోడియం మీద మీ ప్లేసు ఒకటి తగ్గొచ్చు. పర్లేదు, పెట్రోలు వాటా మిగులుతుంది కదా!