మోటారు సైకిల్ మైకులో చిటపటలు

ఉదయం పూట కల్లూరు వీధుల్లో మోటారు సైకిలు వెనక రెండు మూటల ఉల్లిగడ్డలు, ముందర హారన్, మెడలో మైకు తగిలించుకొని తిరిగేవాళ్ళను చూసే ఉంటారు. మా చిన్నాయన వాళ్ళలో ఒకరు. మార్కెట్ యార్డులో ధర గిట్టకపోతే పంటను ఇట్లా ఇంటింటికీ అమ్ముకోవలసిందే. పోయిన సీజన్‌లో ఆయన మైకు తీస్తే మాటకంటే చిటపటలే ఎక్కువ. కిలో ఎంతో అర్థంగాక ఎవరూ గడప దాటి వచ్చేవాళ్ళు కారు. సాయంత్రానికి ఒక మూట అట్లే వెనక్కి వచ్చేది. "ఏమిరా, సైన్సు చదువుతాండావు గదా, దీని సంగతేందో చూడు" అన్నాడు.

ఇంజన్‌లోని స్పార్క్ ప్లగ్గు ఒక చిన్న రేడియో స్టేషనే! 1887లో హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలను పుట్టించింది ఇటువంటి రవ్వతోనే. 1901లో మార్కోనీ అట్లాంటిక్ దాటించిన సంకేతమూ రవ్వదే. ప్లగ్గు తీగ ఏరియల్ అవుతుంది. మైకు నుండి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే కాబట్టి, దాని తీగలో దూరిన కొద్దిపాటి అలజడిని కూడా ఆంప్లిఫయర్ కొండంత చేస్తుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజను చుట్టుకొక రవ్వ వేస్తే సెకనుకు 50 టిక్కులు. ఆక్సిలరేటర్ తిప్పితే చప్పుడూ దానితోపాటు పెరుగుతుంది. పెరగలేదంటే దొంగ ఇంజన్ కాదన్నమాట.

అయితే ఆ చప్పుడు గాలిలో వస్తోందా, తీగలో వస్తోందా? ఆంప్లిఫయర్‌ను బండి బ్యాటరీ నుండి విడదీసి వేరే బ్యాటరీకి కలిపాను. 'కుయ్' మనే ఏడుపు పోయింది, టిక్కులు మిగిలాయి. అంటే దోషాలు రెండు.

ఏడుపు తీగలోది. సెట్టు బిగించినవాళ్ళు నెగటివ్ తీగను క్యారియర్ బోల్టుకు చుట్టారు. బండి చాసిస్‌లో లైటు కరెంటూ, ఛార్జింగ్ కరెంటూ పారుతుంటాయి. తుప్పు పట్టిన ఆ బోల్టు దగ్గర ఏర్పడే చిన్న వోల్టేజి కూడా మాటతో కలిసిపోతుంది. రెండు తీగలనూ ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకే తెచ్చాను. ఏడుపు ఆగింది.

టిక్కులకు మందు ప్లగ్గు దగ్గరే ఉంది. నంబరులో 'ఆర్' అక్షరం ఉండే ప్లగ్గులో సుమారు 5000 ఓముల నిరోధం ఉంటుంది. రవ్వ కరెంటు ఎగిరిపడకుండా అది పట్టి ఉంచుతుంది. దీనివల్ల మైలేజి పడిపోతుందని మెకానిక్కులు కొందరు భయపెడతారు గాని, వేల వోల్టులతో దూకే రవ్వకు అదొక లెక్క కాదు. మైకుకు వేసిన మామూలు జంట తీగ తీసేసి, జల్లెడ తొడుగున్న షీల్డు వైరు వేసి, ఆ తొడుగును ఆంప్లిఫయర్ వైపు ఎర్తు చేశాను.

అంతా బాగైందనుకుంటే మూడోరోజు మళ్ళీ ఫిర్యాదు. ఈసారి ఇంజన్ ఆపినా 'డిట్ డిట్ డిర్ర్' అని మోత. రోజంతా రాదు, ఉన్నట్టుండి వస్తుంది. ఒక పూటంతా తీగలు తడిమి తడిమి విసిగిపోయాక, మోత వచ్చిన కొద్ది క్షణాలకే చిన్నాయన ఫోను మోగింది! పాత 2జీ బటన్ల ఫోను. మాట్లాడేటప్పుడు సెకనుకు 217 సార్లు తెరలు తెరలుగా తరంగాలు వదులుతుంది. ఆంప్లిఫయర్‌లోని మొదటి ట్రాన్సిస్టర్ ఆ తెరలను పట్టి శబ్దంగా మారుస్తుంది. ఆయన దాన్ని చొక్కా జేబులో, సరిగ్గా మైకు కిందనే పెట్టుకుంటాడు మరి.

ఇప్పుడా ఫోను వెనక ఉల్లిమూట పక్క సంచిలో ఉంటోంది. మోత లేదు. రింగు మాత్రం ఆయనకు వినపడదు. "ఎన్నిసార్లు చేసినా ఎత్తవేమి?" అని చిన్నమ్మ రోజూ తగవు.