గనుల వల్ల అటవీ నష్టం - ఉపగ్రహ చిత్రాలతో నిఘా

అనంతపురం జిల్లా ఓబుళాపురం ప్రాంతంలోను, దానిని ఆనుకొని ఉన్న కర్ణాటక రాష్ట్రంలోని బళ్లారి కొండలలోను 2000 సంవత్సరం తరువాత ఇనుప ఖనిజం తవ్వకాలు విపరీతంగా పెరిగాయి. లీజు పొందిన విస్తీర్ణమెంత, వాస్తవంగా తవ్వినదెంత అన్న ప్రశ్న సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. దీనికి సమాధానం వెదకడంలో ఉపగ్రహ చిత్రాలు ఎంతవరకు ఉపకరించగలవో అధికారులు, పాత్రికేయులు తెలుసుకొనడం అవసరం.

పచ్చని ఆకు ఎరుపు కాంతిని గ్రహించి, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని అధికంగా పరావర్తనం చేస్తుంది. ఈ పరారుణ కాంతికి చిత్రంలో ఎరుపు రంగు ఇవ్వడం ఆనవాయితీ. కనుక దట్టమైన అడవి ఎర్రగా కనిపిస్తుంది. మొదటిసారి చూసేవారు తికమక పడటం సహజమే. చెట్లు తొలగించి కొండను తవ్విన చోట ఆ ఎరుపు మాయమవుతుంది. వేర్వేరు సంవత్సరాల చిత్రాలను ఒకదానిపై ఒకటి అమర్చితే గని ఎటువైపు విస్తరించినదీ తెలుస్తుంది.

1972 నుండి లాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసిన చిత్రాలు భద్రపరచబడి ఉన్నాయి. 2008 నుండి వాటిని ఉచితంగా అందుబాటులో ఉంచారు. గని రాకముందు అక్కడ అడవి ఉన్నదా లేదా అన్న వివాదంలో ఇవి విలువైన సాక్ష్యం. 2003 అక్టోబరు 17న ప్రయోగించిన రిసోర్స్‌శాట్-1లోని లిస్-3 కెమెరా చిత్రంలో ఒక్కో బిందువు నేలపై 23.5 మీటర్ల చదరానికి సమానం. అంటే హెక్టారు అడవి సుమారు 18 బిందువులు మాత్రమే. లీజు హద్దు దాటి పది మీటర్లు తవ్వితే ఇందులో తేల్చడం కష్టం. 2005 మే 5న ప్రయోగించిన కార్టోశాట్-1 ఈ కొరత తీర్చింది. 2.5 మీటర్ల స్పష్టతతో రెండు కోణాల నుండి చిత్రాలు తీయడం వల్ల గని లోతు, వ్యర్థపు మట్టిగుట్టల ఎత్తు కూడా అంచనా వేయడం సాధ్యమైంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఇటువంటి సమాచారాన్ని షాద్‌నగర్‌లో స్వీకరించి అందజేస్తోంది.

అయితే ఋతువును గమనించకపోతే పొరపాటు తప్పదు. బళ్లారి ప్రాంతానిది ఎండాకాలంలో ఆకు రాల్చే అడవి. నవంబరు చిత్రాన్ని ఏప్రిల్ చిత్రంతో పోల్చితే గొడ్డలి పడని చోట కూడా అడవి పోయినట్లు కనిపిస్తుంది. ఒకే మాసపు చిత్రాలనే పోల్చాలి.

అసలు చిక్కు మాత్రం హద్దుల వద్దనే ఉన్నది. అడవి పోయినదని చిత్రం చెప్పగలదు. అది లీజు లోపలా, వెలుపలా అన్నది చెప్పాలంటే లీజు హద్దు అక్షాంశ రేఖాంశాలతో సహా ఖచ్చితంగా తెలిసి ఉండాలి. ఈ ప్రాంతంలో రాష్ట్రాల సరిహద్దు గుర్తులపైనే వివాదం తలెత్తింది. అందువల్లనే 2011లో సుప్రీంకోర్టు ఆదేశాలపై సంయుక్త బృందం కర్ణాటకలోని లీజులను క్షేత్రస్థాయిలో కొలిచింది. కేంద్ర సాధికార కమిటీ 166 లీజులను 3 వర్గాలుగా విభజించింది: ఎ వర్గంలో 45, బి వర్గంలో 72, సి వర్గంలో 49. లీజు విస్తీర్ణంలో 10 శాతానికి మించి వెలుపల తవ్వినవి, లేదా 15 శాతానికి మించి వెలుపల వ్యర్థాలు పోసినవి సి వర్గం. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఈ వర్గపు లీజులను రద్దు చేసింది.

2016 అక్టోబరులో భారత గనుల బ్యూరో ప్రారంభించిన గనుల నిఘా వ్యవస్థ లీజు చుట్టూ 500 మీటర్ల పరిధిలోని మార్పులను ఉపగ్రహ చిత్రాలతో గుర్తించి రాష్ట్రాలకు తెలియజేస్తుంది. ఆ సమాచారం అందిన వెంటనే సిబ్బంది స్థలానికి వెళ్లి తనిఖీ చేయకపోతే అది కేవలం ఒక హెచ్చరికగానే మిగిలిపోతుంది.

భారత అటవీ సర్వే సంస్థ నివేదికల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. హెక్టారు, అంతకు మించిన విస్తీర్ణంలో వృక్షాచ్ఛాదన 10 శాతం, ఆపైన ఉంటే, అది ఎవరి భూమి అయినా, ఏ జాతి చెట్లయినా ఆ సంస్థ అటవీ విస్తీర్ణంగా లెక్కిస్తుంది. కొత్తగా పెరిగిన నీలగిరి తోటలు, మామిడి తోటలు కూడా ఇందులో చేరతాయి. జిల్లా మొత్తం అంకె తగ్గకపోయినా ఒక కొండపైని అడవి పూర్తిగా పోయి ఉండవచ్చు. దానిని తెలుసుకొనడానికి లీజు వారీగా చిత్రాలను పరిశీలించవలసి ఉంటుంది.