కాలనీ పని, కౌన్సిల్ దారి

నగరపాలన అంటే ముందుగా మురుగు, చెత్త, రోడ్డు, వీధి దీపం, ఇంటి పన్ను, జనన మరణ ధ్రువపత్రాలు. కౌన్సిల్ సమావేశం గురించి పత్రికల్లో ఎక్కువగా వచ్చేది నినాదాలు, వాకౌట్లు. దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎల్బీనగర్‌లోనో ఒక కాలనీకి రోడ్డు పడాలన్నా, వానాకాలంలో ఇళ్లలోకి నీళ్లు రాకుండా ఉండాలన్నా, అసలు పని ఆ సమావేశానికి ముందూ తర్వాతా ఫైళ్ల మీదే సాగుతుంది. ఆ దారి తెలిసిన కాలనీకి పని జరిగే అవకాశం ఎక్కువ.

విజయవాడ రహదారి మీద హైదరాబాదుకు తూర్పు వాకిలిగా ఉన్న ఈ ప్రాంతంలో చాలా భాగం 2007 వరకు నగరపాలక సంస్థ పరిధిలో లేదు. ఎల్బీనగర్, గడ్డిఅన్నారం రెండూ రంగారెడ్డి జిల్లాలో వేర్వేరు పురపాలక సంఘాలు. 2001 జనాభా లెక్కల నాటికే ఎల్బీనగర్ పురపాలికలో రెండున్నర లక్షల మందికి పైగా ఉన్నారు. 1965 నాటి పురపాలక చట్టం ప్రకారం వాటికి చైర్‌పర్సన్, కౌన్సిలర్లు, కమిషనర్ ఉండేవారు. నెలకోసారి సభ జరగాల్సి ఉండేది. 2007 ఏప్రిల్ 16న ఈ రెండింటితో పాటు ఉప్పల్, కాప్రా, మల్కాజిగిరి, కూకట్‌పల్లి వంటి మొత్తం 12 పురపాలక సంఘాలను పాత నగరపాలక సంస్థలో కలిపి గ్రేటర్ హైదరాబాద్ మహానగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. నగర విస్తీర్ణం మూడు రెట్లకు పైగా పెరిగింది.

విలీనంతో నిధులు, యంత్రాంగం పెద్దవయ్యాయి. దానికి చెల్లించిన మూల్యమూ ఉంది. ఒకప్పుడు ఎల్బీనగర్ సమస్యల కోసమే ఒక సభ నెలనెలా కూర్చునేది. గ్రేటర్ సభలో 2025 దాకా 150 వార్డులు ఉండేవి. వాటిలో ఎల్బీనగర్ శాసనసభ నియోజకవర్గం వాటా పదకొండు. నాగోల్, మన్సూరాబాద్, హయత్‌నగర్, బీఎన్ రెడ్డి నగర్, వనస్థలిపురం, హస్తినాపురం, చంపాపేట, లింగోజిగూడ, కొత్తపేట, చైతన్యపురి, గడ్డిఅన్నారం ఆ పదకొండు వార్డులు. వీటినే జనం డివిజన్లు అంటారు. సరూర్‌నగర్, ఆర్కేపురం పక్కనే ఉన్నా మహేశ్వరం నియోజకవర్గంలోకి వస్తాయి.

గ్రేటర్ సంస్థకు ఆధారం 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం. అధికారం మూడు చోట్ల ఉంటుంది. మొదటిది కార్పొరేటర్లతో కూడిన కౌన్సిల్. ఆ ప్రాంత ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు పదవిరీత్యా ఇందులో సభ్యులు. దీనికి మేయర్ అధ్యక్షత వహిస్తారు. సర్వసభ్య సమావేశం మూడు నెలలకోసారి జరగాలి. రెండోది 15 మందితో ఉండే స్టాండింగ్ కమిటీ. కార్పొరేటర్లు తమలో నుంచి ఏటా ఎన్నుకునే ఈ కమిటీ తరచుగా కూర్చుని పనుల ఆమోదం చూస్తుంది. మూడోది కమిషనర్. ప్రభుత్వం నియమించే ఐఏఎస్ అధికారి చేతిలోనే కార్యనిర్వహణ అంతా ఉంటుంది. కార్పొరేటర్ స్వయంగా ఒక్క బిల్లు మీదా సంతకం చేయలేరు, ఒక్క సిబ్బందినీ బదిలీ చేయలేరు. ఈ విషయం తెలియక చాలామంది తమ కార్పొరేటర్‌ను నిందిస్తారు. ప్రశ్నించడం, ప్రతిపాదించడం, పట్టు విడవకుండా వెంటపడటం కార్పొరేటర్ బలం.

కమిషనర్ కింద జోనల్ కమిషనర్లు, వారి కింద సర్కిల్ స్థాయిలో డిప్యూటీ కమిషనర్లు ఉంటారు. ఎల్బీనగర్ జోన్‌లో కాప్రా, ఉప్పల్, హయత్‌నగర్, ఎల్బీనగర్, సరూర్‌నగర్ అనే అయిదు సర్కిళ్లు చాలాకాలం కొనసాగాయి. కాలనీవాసికి ఎదురుపడేది మాత్రం ఇంకా కింది అంచె. రోడ్డుకు అసిస్టెంట్ ఇంజనీరు, చెత్తకు శానిటరీ జవాను, దోమలకు ఎంటమాలజీ సిబ్బంది, పన్నుకు బిల్ కలెక్టర్, ఇంటి అనుమతికి టౌన్ ప్లానింగ్ విభాగం. వీరందరినీ ఒకచోట అందుబాటులో ఉంచాలని 2023 జూన్‌లో వార్డు కార్యాలయాలు తెరిచారు. సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో అర్జీ ఇవ్వడం అంతకుముందు నుంచీ ఉన్న దారి.

ఒక కాలనీలో సీసీ రోడ్డు పడాలంటే కథ ఇలా నడుస్తుంది. కాలనీ సంక్షేమ సంఘం అర్జీ రాస్తుంది. కార్పొరేటర్ తన లెటర్‌ప్యాడ్ మీద సిఫారసు జత చేస్తారు. అసిస్టెంట్ ఇంజనీరు వచ్చి కొలతలు తీసుకుని, ప్రభుత్వం ప్రకటించిన ప్రామాణిక ధరల పట్టిక ప్రకారం ఎస్టిమేట్ వేస్తారు. అది డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ల పరిశీలన దాటి మంజూరుకు వెళ్తుంది. మొత్తం చిన్నదైతే జోన్‌లోనే తేలుతుంది. పెరిగేకొద్దీ కమిషనర్, స్టాండింగ్ కమిటీ, కౌన్సిల్ మెట్లు ఎక్కాలి. మరీ పెద్దదైతే ప్రభుత్వమే అనుమతించాలి. మంజూరయ్యాక ఆన్‌లైన్ టెండరు, ఒప్పందం, పని మొదలు. చేసిన ప్రతి మీటరూ కొలతల పుస్తకంలోకి ఎక్కాలి. ఇంజనీర్లు ఎంబీ అని పిలిచే ఆ పుస్తకమే బిల్లుకు పునాది. క్వాలిటీ కంట్రోల్ విభాగం నమూనాలు చూసి సరేనంటేనే చెల్లింపు. పని పూర్తయ్యాక కూడా నిర్ణీత కాలం వరకు లోపాలు సరిదిద్దే బాధ్యత కాంట్రాక్టరుదే. రోడ్డు తొందరగా పాడైతే కాలనీ సంఘం అడగాల్సిన మొదటి ప్రశ్న ఈ గడువు గురించే. అడిగే సంఘాలు అరుదు.

ఫైలు ఆగిపోయే చోట్లు కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే. రోడ్డు కింద తాగునీటి పైపు మార్చాల్సి వస్తే నగర నీటి సరఫరా సంస్థ అయిన జలమండలి అనుమతి కావాలి. స్తంభం అడ్డొస్తే విద్యుత్ సంస్థకు రాయాలి. నాలా వెడల్పు చేయాలంటే ఇరువైపులా ఉన్న ఇళ్లకు భూసేకరణ నోటీసులు ఇవ్వాలి. ఎవరైనా కోర్టుకు వెళితే ఏళ్లు గడుస్తాయి. కొత్త రోడ్డు వేసిన తర్వాత పైపు కోసం తవ్వడం ప్రజల్ని ఎక్కువగా బాధించే దృశ్యం. ఒక శాఖ పని మరో శాఖకు ముందే తెలిస్తే దాన్ని తేలిగ్గా తప్పించవచ్చు.

ఈ ప్రాంతంలో కౌన్సిల్ పనికి అసలు పరీక్ష పెట్టేది వాన. 2020 అక్టోబరు 13, 14 తేదీల కుండపోతకు కుతుబ్ షాహీల కాలం నాటి సరూర్‌నగర్ చెరువు పొంగి, దిగువన ఉన్న కోదండరాంనగర్, సీసల బస్తీ, పీ అండ్ టీ కాలనీ వంటి చోట్ల ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. కారణం ఒక్క వానే కాదు. మీర్‌పేట వైపు చెరువులు నిండితే ఆ నీరు గొలుసుకట్టుగా సరూర్‌నగర్ చెరువుకు, అక్కడి నుంచి చైతన్యపురి మీదుగా మూసీకి పోవాలి. ఎగువ చెరువులున్న మీర్‌పేట, బడంగ్‌పేట అప్పుడు వేరే పురపాలనల కింద ఉండేవి. దిగువ నాలా గ్రేటర్ పరిధిలో ఉండేది, అదీ కట్టడాల మధ్య ఇరుకైపోయింది. నీటికి పరిపాలనా హద్దులతో పనిలేదు. ఆ హద్దుల భారం మోసింది పల్లంలో ఇల్లు కట్టుకున్న కుటుంబాలు.

ఆ వరదల తర్వాత ప్రభుత్వం వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం తెచ్చింది. ఎస్ఎన్‌డీపీ పేరుతో వినిపించే ఈ కార్యక్రమం మొదటి దశకు గ్రేటర్‌లోనూ పొరుగు పురపాలికల్లోనూ కలిపి రూ.985.45 కోట్లు కేటాయించారు. హద్దుకు రెండు వైపులా ఒకే పథకం కింద నాలాలు కట్టడం దీనిలోని మేలు. ఎల్బీనగర్ జోన్‌లో సరూర్‌నగర్ చెరువు దిగువ నాలా, నాగోల్ వైపు నాలాలు ఇందులో ఉన్నాయి. కొత్త నాలా కట్టినా వార్షిక పూడికతీత తప్పదు. జూన్‌కు ముందే పూడిక తీసి, దాన్ని గట్టు మీదే వదలకుండా వెంటనే ఎత్తేయాలి. మామూలు పనుల్లో ఇంతకంటే ముఖ్యమైనది ఈ ప్రాంతంలో మరొకటి లేదు.

నాలాకు, డ్రైనేజీకి తేడా కూడా తెలిసి ఉండాలి. వాన నీటి కాలువలు, నాలాలు నగరపాలక సంస్థవి. ఇళ్ల మురుగు లైన్లు, మ్యాన్‌హోళ్లు జలమండలివి. పాత శివారు పురపాలికల్లో ఈ నిర్వహణను 2021లో జలమండలికి అప్పగించారు. సిగ్నళ్లు ట్రాఫిక్ పోలీసులవి, మెట్రో వేరే సంస్థది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను బాటసింగారానికి తరలించి ఆ స్థలంలో ఆస్పత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేసినప్పుడూ అది మార్కెటింగ్, వైద్య శాఖల నిర్ణయమే, కౌన్సిల్‌ది కాదు.

ఖర్చుకు ఆధారం పన్ను. 2025–26 సంవత్సరానికి కౌన్సిల్ ఆమోదించిన బడ్జెట్ రూ.8,440 కోట్లు. సొంత ఆదాయంలో ఆస్తిపన్నుదే పెద్ద వాటా. నివాస గృహానికి ప్రాంతాన్ని బట్టి చదరపు అడుగుకు నెలసరి అద్దె విలువ నిర్ణయించి, దాని నుంచి ఏడాది అద్దె విలువ లెక్కిస్తారు. ఆ విలువ పెరిగేకొద్దీ పన్ను శాతం 17 నుంచి 30 దాకా పెరుగుతుంది. ఇంటి వయసును బట్టి తగ్గింపు ఉంటుంది. చివర గ్రంథాలయ సెస్సు కలుస్తుంది. పన్ను ఆరునెలలకోసారి కట్టాలి. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ. ఏడాది మొత్తం ఏప్రిల్‌లోనే ముందుగా కడితే 5 శాతం రాయితీ ఇస్తూ వచ్చారు. ఇంటి నిర్మాణ అనుమతికి 2020 చట్టంతో టీఎస్ బీపాస్ విధానం వచ్చింది. 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 చదరపు గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. ఇచ్చిన ధ్రువీకరణ తప్పని తేలితే కట్టిన ఇల్లే ప్రమాదంలో పడుతుంది కనుక కొలతలు సరిచూసుకునే బాధ్యత యజమానిదే.

దిల్‌సుఖ్‌నగర్‌కు ప్రత్యేకమైన సమస్య ఫుట్‌పాత్. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, బట్టల దుకాణాలు, సాయిబాబా గుడి, బస్సు డిపో, 2018 సెప్టెంబరు నుంచి మెట్రో స్టేషన్. ఇంత జనం తిరిగే చోట తోపుడు బండి నిలవడం సహజం, నడిచేవారికి దారి కావాలనడమూ న్యాయమే. 2014 నాటి వీధి విక్రయదారుల చట్టం ఈ రెండింటికీ చోటు ఇచ్చింది. సర్వే చేసి విక్రయ ధ్రువపత్రాలు ఇవ్వాలి. సర్వే పూర్తయ్యే దాకా ఎవరినీ ఖాళీ చేయించరాదు. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారులు ఎన్నుకున్న వారే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు కావాలి. ఏ వీధిలో అమ్మవచ్చో ఏ వీధిలో కూడదో గీత గీయాల్సింది ఈ ప్రక్రియతోనే. ఆక్రమణల తొలగింపు వాహనం వచ్చినప్పుడల్లా బండ్లు సందుల్లోకి పరుగు తీయడం, అది వెళ్లాక మళ్లీ రావడం వ్యాపారికీ పాదచారికీ పరిష్కారం కాదు.

చెత్త విషయంలో ఏర్పాట్లు చాలావరకు స్థిరపడ్డాయి. స్వచ్ఛ ఆటో ఇంటింటి నుంచి ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కు, అక్కడి నుంచి పెద్ద లారీలు జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేరుస్తాయి. కూల్చివేతల శిథిలాలను మళ్లీ వాడుకునేలా మార్చే కేంద్రం నాగోల్ సమీపంలోని ఫత్తుల్లగూడలో ఉంది. అక్కడే హిందువులు, ముస్లింలు, క్రైస్తవుల అంత్యక్రియలకు ఒకే ప్రాంగణంలో వసతి కల్పిస్తూ 2022లో ముక్తిఘాట్ కట్టారు. ఈ ప్రాంతంలో జరిగిన పనుల్లో నిజంగా మెచ్చుకోదగినది ఇది. వినాయక నిమజ్జనాల సమయంలో సరూర్‌నగర్ చెరువు దగ్గర క్రేన్లు, దీపాలు, ఆ తర్వాత విగ్రహాల తొలగింపు కూడా నగరపాలక సిబ్బంది మీదే పడతాయి.

రాజకీయం ఈ పనిని ఎంత మార్చగలదన్న ప్రశ్నకు 2020 డిసెంబరు గ్రేటర్ ఎన్నికలు చూడదగినవి. ఎల్బీనగర్ నియోజకవర్గంలోని పదకొండు డివిజన్లనూ బీజేపీ గెలిచింది. 2021 ఫిబ్రవరి 11న మేయర్ పదవి టీఆర్ఎస్‌కు చెందిన గద్వాల విజయలక్ష్మికి దక్కింది. లింగోజిగూడలో గెలిచిన అభ్యర్థి ప్రమాణం చేయకముందే మరణించడంతో ఉప ఎన్నికలో ఆ స్థానం కాంగ్రెస్‌కు వెళ్లింది. ఒక ప్రాంతమంతా ప్రతిపక్షంలో ఉన్నప్పుడు సభలో ప్రశ్నల సమయానికి విలువ పెరుగుతుంది. అధికారి ఇచ్చిన లిఖితపూర్వక జవాబు రికార్డులో నిలిచి, తర్వాతి సభలో అదే ప్రశ్నను మళ్లీ ఎత్తడానికి పనికొస్తుంది. గొడవతో సభ వాయిదా పడితే ముందుగా పోయేది ఈ అవకాశమే.

2025 డిసెంబరులో ప్రభుత్వం ఔటర్ రింగ్ రోడ్డు వరకు ఉన్న 27 పురపాలికలను గ్రేటర్‌లో కలిపి వార్డులను 300కు పెంచింది. మీర్‌పేట, బడంగ్‌పేట కూడా వాటిలో ఉన్నాయి. అలా సరూర్‌నగర్ చెరువుకు ఎగువనా దిగువనా ఉన్న కాలనీలు అప్పుడు ఒకే పాలన కిందికి వచ్చాయి. కౌన్సిల్ అయిదేళ్ల గడువు 2026 ఫిబ్రవరి 10తో ముగిసింది. ఎన్నికైన సభ లేని కాలం గ్రేటర్‌కు కొత్త కాదు. 2014 డిసెంబరు నుంచి 2016 ఫిబ్రవరి దాకా ప్రత్యేకాధికారి పాలనే నడిచింది. అలాంటప్పుడు కౌన్సిల్, స్టాండింగ్ కమిటీల అధికారాలన్నీ ఆ అధికారి చేతికి వస్తాయి. పూడికతీత, చెత్త సేకరణ, పన్ను వసూలు, ధ్రువపత్రాలు ఆగవు. కార్పొరేటర్ లెటర్‌ప్యాడ్ ఉండదు, సభలో ప్రశ్న ఉండదు. కాలనీ సంఘం తన అర్జీని నేరుగా సర్కిల్ కార్యాలయానికి, ప్రజావాణికి తీసుకెళ్లాలి.