కత్తిపీట పదును

తెలంగాణ ఉక్కును గురించిన రచనలు ఎక్కువగా కోనసముద్రం దగ్గరే ఆగుతాయి. నిజామాబాద్ ప్రాంతపు ఆ ఊరిలో మూసలలో ఉక్కు తీసే పద్ధతిని వివరించిన హెన్రీ వాయ్సీ వ్యాసం 1832లో అచ్చయింది, ఆ ఉక్కును పర్షియా వర్తకులు కొనుక్కుపోయి ఖడ్గాలకు వాడిన సంగతి లోకప్రసిద్ధమైంది. ఖడ్గానికి దక్కిన ఈ గౌరవంలో పిసరంతైనా వంటింటి కత్తిపీటకు దక్కలేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల కమ్మరులు చేసే కత్తిపీట, అంటే చెక్కపీటకు నిలువుగా బిగించిన వంపు కత్తి, ఆ మూస ఉక్కుతో చేసినది కాకపోయినా, వేడితో ఉక్కు గుణాన్ని మార్చే విద్య మీదనే ఆధారపడి ఉంది.

ఉక్కు అంటే కొద్దిపాటి కర్బనం కలిసిన ఇనుము. మూస ఉక్కులో కర్బనం సుమారు 1 నుంచి 2 శాతం ఉండేది; ఇప్పుడు కమ్మరులు తరచుగా ఎంచుకునే పాత లారీ కమాను పట్టీలలో అది 0.5 నుంచి 0.6 శాతం వరకు ఉంటుంది, వంటింటి పనికి అది చాలు. కొలిమిలో ఎర్రగా కాలిన పట్టీని దాకలి మీద సుత్తితో సాగగొట్టి, అంచు పలుచన చేసి, మళ్లీ సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చి, అంచును మాత్రమే నీటిలో ముంచుతారు. వేడికి ఇనుములో కరిగిన కర్బనం, ఒక్కసారిగా చల్లబడినప్పుడు బయటికి రాలేక అక్కడే చిక్కుకుపోయి, మార్టెన్‌సైట్ అనే అతి కఠినమైన నిర్మాణాన్ని ఏర్పరుస్తుంది. అయితే ఆ దశలో అంచు పెళుసుగా ఉంటుంది కనుక, కత్తి వెన్నులో మిగిలిన వేడిని అంచుకు పాకనిచ్చి, రుద్ది తేటపరచిన చోట గడ్డిరంగు కనబడగానే తిరిగి నీటిలో ముంచుతారు. క్షణం ఆలస్యమైతే రంగు నీలానికి తిరిగి, అంచు మెత్తబడుతుంది. ఉష్ణమాపకం లేని కొలిమిలో ఇదంతా కంటి లెక్క. కత్తి మంచిచెడ్డలు ఉక్కు కంటే ఈ లెక్క మీదనే ఎక్కువగా ఆధారపడతాయి.

షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ 1913లో రూపొందించిన తుప్పు పట్టని ఉక్కులో క్రోమియం గాలితో కలిసి రక్షణ పొరను కడుతుంది. కమ్మరి కత్తికి అది లేదు. మామిడికాయ పులుపుకు నల్లబడుతుంది, తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది, కనుక కడిగిన వెంటనే తుడిచి నూనె రాయాలి. అందుకు బదులుగా, కర్బనం తక్కువైన చవక స్టెయిన్‌లెస్ కత్తి కంటే దాని పదును ఎక్కువ కాలం నిలుస్తుంది, మొద్దుబారినా సానరాయి మీద త్వరగా తిరిగి వస్తుంది.

అసలు చిక్కు తుప్పు కాదు. కొలిమిని పోషించింది నాగలి కర్రు. రైతులు పంటల కాలంలో ఆయంగా ఇచ్చే ధాన్యంతో కమ్మరి బతికేవాడు, కత్తిపీట ఆ కొలిమిలో పక్కపని మాత్రమే. ట్రాక్టర్లతో కర్రు పని తగ్గి కొలిమి చల్లారిన ఊళ్లలో సంతలోని రేకు కత్తులే గతి అయ్యాయి. వాటిలో మేలైనదాన్ని పోల్చుకోవడానికి ఒక సులువు ఉంది: సరిగా పదునుపోసిన అంచు మీద ఆకురాయి జారిపోతుంది, మెత్తని అంచునైతే కొరుకుతుంది.