అస్థిసాక్ష్యము – పక్షధర్మత

న్యాయశాస్త్రమున అనుమానమునకు ఆధారము హేతువు. ఆ హేతువు పక్షమునందు ఉన్నదని తెలియుటయే పక్షధర్మత. పర్వతముపై పొగను చూచి అచట నిప్పు కలదని నిర్ణయించువానికి, ఆ పొగ ఆ పర్వతముపైననే ఉన్నదని ముందుగా నిశ్చయము కావలెను. పొగ ఎచటిదో తెలియనిచో నిప్పు ఎచట కలదో చెప్పుటకు వీలులేదు. తర్కవిద్యార్థి తొలిదినములలో నేర్చు ఈ నియమమే, జనులను మూకుమ్మడిగా వధించి పూడ్చిన స్థలములను శోధించు నేటి పురావస్తుశాస్త్రమునకును మూలసూత్రము.

ఒకసారి త్రవ్విన నేల మరల పూడ్చినను పూర్వస్థితికి రాదు. పైమట్టియు అడుగుమట్టియు కలసి రంగు మారును. గోతి అంచు చుట్టునున్న నేలనుండి వేరుగా కనిపించును. శోధకుడు ఆ అంచును గుర్తించి, పొరపొరగా మట్టిని తొలగించి, ప్రతి ఎముకను, తుపాకిగుండును, చొక్కా గుండీని ఉన్నచోటనే కొలిచి, చిత్రించి, పిమ్మట పైకి తీయును. చేతులు కట్టబడియుండెనా, అందఱిని ఒకేసారి పూడ్చిరా అనునవి ఆ స్థితినిబట్టియే తెలియును.

బోస్నియా దేశమున స్రెబ్రెనిట్సాయందు 1995 జులైలో దాదాపు 8,000 మంది ముస్లిము పురుషులు, బాలురు వధింపబడిరి. అంతర్జాతీయ న్యాయస్థానములు దీనిని జాతిసంహారముగా నిర్ణయించినవి. హంతకులు నేరమును దాచుటకై శవములను యంత్రములతో పెకలించి వేరుచోట్ల పూడ్చిరి. అయినను మట్టి, తూటాల తొడుగులు, గాజుపెంకులు రెండుచోట్లను ఒక్కటే యగుటచే తొలి గోతులు ఏవియో తేలినది.

భారతదేశమున ఇట్టి శోధనకు ఉదాహరణము పంజాబునందలి అజ్నాలా బావి. శాసనపరిభాషలో అది జాతిసంహారము కాదు, సామూహికవధ. శోధనమార్గము మాత్రము ఒక్కటే. 1857లో లాహోరు సమీపమునందలి మియాన్ మీర్ నుండి పారిపోయిన 26వ బెంగాలు పదాతిదళపు సిపాయిలలో 282 మంది పట్టుబడిరనియు, ఆగస్టు 1న 237 మందిని కాల్చిచంపగా 45 మంది గాలియాడని బురుజులో మరణించిరనియు, అందఱిని పాడుబావిలో పడవేసిరనియు అమృతసరు డిప్యూటీ కమిషనరు ఫ్రెడరిక్ కూపరు 1858లో తన గ్రంథమున వ్రాసెను. వధకు ఆజ్ఞ ఇచ్చినవాడు అతడే. హంత యొక్క వాక్యము ఆప్తవాక్యమగునా? అనుమానముచే సమర్థింపబడనిదే దానిని సిద్ధాంతముగా గ్రహింపరాదు.

2014లో స్థానికులు ఆ బావిని త్రవ్విరి. వారి శ్రద్ధ ప్రశంసనీయము. కాని పద్ధతి శాస్త్రీయము కాలేదు. ఎముకలు విరిగినవి, ఏది ఎచట ఉండెనో లిఖితము కాలేదు. అందుచే ఇవి 1947 దేశవిభజనకాలపు మృతులవి అను పక్షమును తోసివేయుట కష్టమైనది. పంజాబు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, హైదరాబాదునందలి కణ, అణు జీవశాస్త్ర కేంద్రము (సి.సి.ఎం.బి.) వారు, కాశీ, లక్నో పండితులు కలసి దంతములను పరీక్షించిరి. బాల్యమున త్రాగిన నీటి గుణము దంతములలో నిలిచియుండును. 50 నమూనాలలో డి.ఎన్.ఏ., 85 నమూనాలలో ఆక్సిజన్ ఐసోటోపులు పరిశీలింపబడినవి. మృతులు పంజాబువారు కారు, గంగామైదానమువారు అని 2022లో ప్రకటితమైనది. కూపరు మాటకు బలము చేకూరినది. ఎచటివారో తెలిసినది, ఎట్లు చనిపోయిరో చెప్పగల స్థానసాక్ష్యము మాత్రము చాలవరకు నశించినది. దానిని ఏ ప్రయోగశాలయు తిరిగి ఇయ్యజాలదు.

ఈ నష్టము తెలుగుదేశమునకు క్రొత్త కాదు. అమరావతీస్తూపపు శిల్పఫలకములు మద్రాసు, లండను చేరినవి. వాటిలో అనేకముల మూలస్థానము నేటికిని వివాదాస్పదమే. మార్టూరు ప్రాంతపు నల్లరేగడియందు ఇంకను జాగ్రత్త కావలెను. ప్రత్తి, మిరప పండు ఈ నేల వేసవిలో నెఱ్ఱెలు విచ్చి, వానకు ఉబ్బి మూసికొనును. పైనున్న చిన్నవస్తువులు నెఱ్ఱెలలో లోతునకు జారును. కనుక ఇచట లోతొక్కటే ప్రాచీనతకు హేతువు కాజాలదు. అట్టి హేతువు వ్యభిచరితము.

కావున బావి పూడిక తీయునపుడు, కాలువ త్రవ్వునపుడు అస్థులు బయల్పడినచో, వానిని కదపక, పని ఆపి, అధికారులకు తెలుపవలెనని గ్రామములనుండి వచ్చు విద్యార్థులకు అధ్యాపకులు బోధింపవలెను. పక్షధర్మతను పాఠమున చెప్పునపుడు పర్వతముతోపాటు అజ్నాలా బావిని కూడ ఉదాహరించుట సముచితము.