సబ్జెక్ట్ టెస్టుకు ఫీజు కట్టే ముందు

1913లో అంబేడ్కర్ బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. నేడు పత్తికొండలో కూలి కుటుంబం నుంచి డిగ్రీ దాకా వచ్చిన దళిత విద్యార్థికి విదేశీ చదువు దారిలో మొదట ఎదురయ్యేది పరీక్ష ఫీజు. ఏ పరీక్ష అవసరమో తెలియకపోతే అప్పు చేసిన డబ్బు వృథా అవుతుంది.

అమెరికాలో డిగ్రీ ప్రవేశాలకు ఉపయోగపడిన శాట్ సబ్జెక్ట్ టెస్టులు 2021లోనే రద్దయ్యాయి. పీజీ, పీహెచ్‌డీలకు రాసే జీఆర్ఈ రెండు రకాలు: జనరల్, సబ్జెక్ట్. సబ్జెక్ట్ టెస్టు ఇప్పుడు ఫిజిక్స్, మ్యాథమెటిక్స్, సైకాలజీలకే ఉంది. కెమిస్ట్రీ, బయాలజీ, కంప్యూటర్ సైన్స్ వాళ్లకు లేదు.

కాబట్టి కోచింగ్‌లో చేరకముందే మీరు ఎంచుకున్న డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్ చూడండి. ‘తప్పనిసరి’ అంటే రాయాలి. ‘అంగీకరించం’ అంటే రాసినా లాభం లేదు. ‘ఐచ్ఛికం’ అంటే మీ ఇష్టం. మార్కులు తక్కువై, సబ్జెక్టుపై గట్టి పట్టుంటే రాయొచ్చు. స్పష్టంగా లేకపోతే అడ్మిషన్ల ఆఫీసుకు ఈమెయిల్ పెట్టండి. స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది.

కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు యూనివర్సిటీ సీటు చేతిలో ఉండాలి. అంటే పరీక్షల ఖర్చంతా అంతకుముందే, సొంతంగా పెట్టుకోవాలి. ఆ స్తోమత లేనివాళ్లు స్కాలర్‌షిప్ దరఖాస్తు దాకా కూడా రాలేరు. ఈ ఫీజులను ముందుగానే ప్రభుత్వం భరించాలని అడగడం మన హక్కు.