స్క్రూకి అందని పెట్రోలు

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక కొత్త బండ్లన్నీ దాదాపు ఇంజెక్షన్‌కి మారిపోయాయి. అంతకుముందు కొన్నవి మాత్రం విజయనగరం, శ్రీకాకుళం రోడ్ల మీద కార్బొరేటర్‌తోనే తిరుగుతున్నాయి. వాటిలో ఒకటి నల్లపొగ వదిలి, మైలేజీ పడిపోయి, ప్లగ్గు మసి పట్టి మొరాయించిందంటే షెడ్డులో స్క్రూడ్రైవరు మొదట పోయేది కార్బొరేటర్ పక్కనున్న చిన్న స్క్రూ మీదికే. అటో ఇటో కాస్త తిప్పి, ట్యూనింగ్ అయిపోయిందంటారు. చివర ముట్టుకోవలసిన స్క్రూని మొదటే ముట్టుకుంటున్నారన్నది నా అభియోగం.

కార్బొరేటర్ గొట్టం సన్నబడిన చోట గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. ఆ తేడాకే కింది గిన్నెలోని పెట్రోలు జెట్ గుండా పైకి లేచి గాలిలో కలుస్తుంది. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. అయితే కార్బొరేటర్‌కి గాలి బరువు తెలియదు. గాలి పలచబడినప్పుడు పెట్రోలు కూడా తగ్గుతుంది గానీ గాలి తగ్గినంతగా తగ్గదు. అందువల్ల మిక్చర్ చిక్కబడుతుంది. సాలూరు దాటి ఘాట్ ఎక్కితే వచ్చే కోరాపుట్ ఎత్తు సుమారు 870 మీటర్లు. అక్కడి గాలి సాంద్రత సముద్రమట్టం కన్నా 8 శాతం దాకా తక్కువ, దాంతో మిక్చర్ 4 శాతం మేర చిక్కబడుతుంది. కళింగపట్నం తీరంలో 33 డిగ్రీల ఉక్కపోత, 80 శాతం తేమ ఉన్న రోజున ఇంజన్ పీల్చే గాలిలో సుమారు 4 శాతం నీటి ఆవిరే. వాతావరణం తెచ్చే తేడా ఇంతే. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ దీన్ని పొగ లేకుండా ఓర్చుకుంటుంది. నల్లపొగ కనబడిందంటే పెట్రోలు దీనికి కొన్ని రెట్లు ఎక్కువ పోతున్నట్టే. అంత తేడా ఏదో భాగం అరిగితేనో, మూసుకుపోతేనో వస్తుంది.

ఆ భాగం ఏదన్నది యాక్సిలరేటర్ ఎంత తిప్పినప్పుడు బండి ఇబ్బంది పెడుతోందో చూస్తే తెలుస్తుంది. ఆ చిన్న స్క్రూ అధికారం ఐడ్లింగ్‌లోనూ, యాక్సిలరేటర్ తిప్పడం మొదలుపెట్టిన తొలి కొంచెంలోనూ మాత్రమే. పావు వంతు నుంచి ముప్పావు దాకా పెట్రోలుని కొలిచేది నీడిల్, అది దిగే జెట్. ఆపైన మెయిన్ జెట్. ఊళ్ల మధ్య 40, 50 వేగంతో నడిచే బండి జీవితమంతా నీడిల్ మీదే గడుస్తుంది. ఏళ్ల తరబడి అదురుతూ ఒరుసుకునే నీడిల్, జెట్ గుండ్రటి రంధ్రాన్ని కోలగా అరగదీస్తుంది. ఆ సందులోంచి పోయే పెట్రోలుకి స్క్రూ అడ్డుపడలేదు. గిన్నెలోని ఫ్లోట్ మేడమీది నీళ్ల ట్యాంకు బంతిలాంటిదే. దాని పిన్ను అరిగితే మట్టం పెరిగి ఏ వేగంలోనైనా పెట్రోలు ఎక్కువవుతుంది. చోక్ పూర్తిగా వెనక్కి రాకపోయినా అంతే. టెక్కలి వైపు గ్రానైట్ లారీల దుమ్ములో తిరిగే బండికయితే ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఫిల్టర్ వైపున్న స్క్రూ గాలిని అదుపు చేస్తుంది, విప్పితే మిక్చర్ పలచబడుతుంది. ఇంజన్ వైపున్నది సాధారణంగా పెట్రోలుని అదుపు చేస్తుంది, విప్పితే చిక్కబడుతుంది. ఇది చూడకుండా తిప్పితే రోగం ముదురుతుంది.

స్క్రూ తిప్పాకే పొల్యూషన్ పరీక్ష పాసయింది కదా అంటారు. నిజమే, కానీ ఆ పరీక్ష చేసేది ఐడ్లింగ్‌లో. నీడిల్ అరిగిన బండి అక్కడ శుభ్రంగా కనబడి, రోడ్డెక్కాక కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. పెట్రోలు కాస్త ఎక్కువుంటేనే పికప్పు, ఇంజన్ వేడెక్కదు అన్న వాదనలోనూ సగం నిజం ఉంది. 12.5, 13 పాళ్ల గాలి దగ్గరే పూర్తి బలం వస్తుంది. మిక్చర్ అంతకన్నా చిక్కబడితే మండని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరని కడిగేసి, కిందికి దిగి ఇంజన్ ఆయిల్‌ని పలచన చేస్తుంది. పిస్టన్ రింగులు అరిగిపోతాయి. ఇక ఇప్పటి పెట్రోలు మారిందనే వాళ్లున్నారు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకి 13.5 కిలోల గాలే చాలు. అంటే పాత జెట్‌తోనే మిక్చర్ ఇప్పుడు మునుపటి కన్నా పలచన కావాలి. అయినా ప్లగ్గు నల్లబడుతోందంటే లోపం మనం అనుకున్న దానికన్నా పెద్దదని అర్థం.

పరీక్ష సులువే. ఖాళీ రోడ్డు మీద కాసేపు ఒకే వేగంతో నడిపి, క్లచ్ పట్టి ఇంజన్ ఆపేసి, బండి నిలిచాక, ప్లగ్గు చల్లారనిచ్చి విప్పి చూడండి. ఇటుక రంగులో ఉంటే మిక్చర్ సరిగ్గా ఉన్నట్టు. పొడి మసి ఉంటే మెకానిక్‌ని ఫిల్టర్, చోక్, ఫ్లోట్ పిన్ను చూడమనండి. అవి బాగుంటే నీడిల్‌ని ఒక్కదాన్నే కాకుండా దాని జెట్‌తో కలిపి జతగా మార్పించండి. స్క్రూ సంగతి ఆ తర్వాత, ఇంజన్ బాగా వేడెక్కాక చూసుకోవచ్చు.